జంతువును బట్టి నేల, కట్టడాన్ని బట్టి ఊరు: క్లూలతోని జాగ పట్టే లెక్క

మహబూబ్‌నగర్ నుంచి అచ్చంపేట మీదుగా శ్రీశైలం పోయే బస్సు మన్ననూరు చెక్‌పోస్టు దాటిందంటే ఫోన్లకు సిగ్నల్ సరిగ దొరకదు, వీడియోలు ఆగిపోతయి, కిటికీ పక్కన కూసున్న పిల్లలకు ఏం చెయ్యాల్నో తోచదు. అట్లాంటప్పుడు మొదలయ్యే ఆట ఒకటుంది.

"నాయినా, నేను మనసుల ఒక జాగ అనుకున్న. నువ్వు చెప్పాలె."

"క్లూ ఇయ్యి బిడ్డా."

"అడవిల నుంచి పోయే రోడ్డు. రాత్రి తొమ్మిదికి గేటు బంద్ చేస్తే మళ్ల పొద్దుగాల ఆరింటికే తెరుస్తరు."

"ఇప్పుడు మనం దాటొచ్చిందే గదా."

"కాదు. అక్కడ ఏనుగుల మంద రోడ్డు దాటుతది."

ఆ ఒక్క మాటతోని నల్లమల మొత్తం లెక్కల నుంచి తప్పుకున్నట్టే. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్లు ఉంటది, అందుల పులి ఉంది, చిరుత ఉంది, ఎలుగుబంటి, రేచుకుక్క, కణుజు, చుక్కల దుప్పి, మనుబోతు అన్నీ ఉన్నయి గాని అడవి ఏనుగుల మందలు మాత్రం లేవు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాక బండ్లను ఆపే ఇంకో పేరున్న అడవి రోడ్డు కర్ణాటకల బండీపూర్‌ది, మైసూరు నుంచి ఊటీ పోయే తొవ్వ మీద ఉంటది, అక్కడ 2009 నుంచి రాత్రి బండ్లు బంద్. ఇంకా అనుమానముంటే కొండ మీద మంచు కమ్మి ఉండే గోపాలస్వామి గుడి అని మూడో క్లూ ఇస్తే ఇగ ఆలోచించాల్సిన పని లేదు. మూడు క్లూలు చాలినయి, అదీ ఒక్కటి గూడ సొంతంగ జవాబు చెప్పెయ్యకుండ.

ఈ ఆటను చాలామంది జనరల్ నాలెడ్జ్ పరీక్ష లెక్క చూస్తరు, ఎవరికి ఎక్కువ ఊర్ల పేర్లు తెలిస్తే వాళ్లే గెలుస్తరని అనుకుంటరు. అది సగమే నిజం. అసలు పని కుదరని జాగలను కొట్టేసుడు. ఒక జంతువు పేరు చెప్తే అది బతికే ప్రాంతం మొత్తం మనసుల ఒక మ్యాప్ లెక్క పరుచుకోవాలె, అది వెయ్యి కిలోమీటర్ల పొడుగు ఉండొచ్చు. ఒక కట్టడం పేరో ఆనవాలో చెప్తే అట్లాంటివి ఏడేడున్నయో నాలుగైదు చుక్కలు పెట్టుకోవాలె. ఆ పరుచుకున్న ప్రాంతంల ఏ చుక్క పడ్డదో అదే జవాబు. జంతువు నేలను చెప్తది, వానను చెప్తది, చెట్టును చెప్తది, కట్టడమైతే ఊరిని చెప్తది. మనవాళ్లు ఎక్కువగ తప్పు చేసేది ఎక్కడంటే, కట్టడం వినంగనే ముందుగాల గుర్తొచ్చిన పేరు పట్టుకుంటరు, తర్వాత వచ్చిన జంతువు క్లూను దానికి అతికించే ప్రయత్నం చేస్తరు. జంతువు నుంచి మొదలుపెట్టి కట్టడం కాడికి వచ్చుడే మంచి పద్ధతి.

ఇది మనకు కొత్త విద్య గూడ కాదు. పొడుపు కథల పని ఇదే. "తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతది" అంటే పిట్ట అనే మాట మనల్ని ఆకాశం దిక్కు తీసుకపోతది, తోకలేదు అనే మాట ఉన్న పిట్టలన్నిటినీ కొట్టేస్తది, తొంభై ఆమడలు అనేది దూరం పోయే వస్తువు ఏందని అడుగుతది, అప్పుడు గాని ఉత్తరం అని రాదు. పొడిచేటోళ్లు ఇచ్చిన ప్రతి మాటా ఏదో ఒకదాన్ని కొట్టెయ్యాలె. ఏదీ కొట్టెయ్యని క్లూ దండగ. "అక్కడ పచ్చని చెట్లు, అందమైన నది, పురాతన గుడి ఉంటయి" అంటే దేశంల సగం ఊర్లు అందులనే ఉన్నయి, ఎవరు మాత్రం ఏం చెప్తరు.

ఒక్కోసారి జంతువు ఏమీ సాయం చెయ్యదు, అది గూడ తెలిసి ఉండాలె. మహబూబ్‌నగర్ కాడ పిల్లలమర్రి సంగతి తీసుకుంటే అర్థమైతది. "ఒక్కటే చెట్టు, ఎకరాల కొద్ది పరుచుకుంది, అసలు మొదలు ఏదో తెలియదు" అని క్లూ ఇచ్చిండ్రనుకో, పాలమూరోళ్లు రెండో మాట లేకుండ పిల్లలమర్రి అంటరు. సుమారు 700 ఏండ్ల చెట్టు, మూడు నాలుగు ఎకరాల నేల కప్పి ఉంటది, ఊడలు దిగి దిగి అవే మాన్లైనయి, దాని కింద నిలబడితే చెట్టు కింద ఉన్నట్టు కాదు, తోపుల ఉన్నట్టే అనిపిస్తది. గాని అదే క్లూకు అనంతపురం వైపు కదిరి కాడి తిమ్మమ్మ మర్రిమాను సరిపోతది, అది ఇంకా పెద్దది, ఐదెకరాలకు దగ్గర, 1989ల గిన్నిస్ బుక్కుల ఎక్కింది. బెంగళూరు అవతల ఉన్న దొడ్డ ఆలద మర గూడ సరిపోతది. కలకత్తా పక్కన హౌరా బొటానికల్ గార్డెన్ల ఉన్న మర్రి గూడ. చెన్నై అడయారు మర్రి గూడ.

ఇప్పుడు వీటిల ఒకదాన్ని పిట్టలతోని వేరుచెయ్యాలంటే కుదరదు. మర్రిపండ్లు తినే గోరింకలు, చిలుకలు, గబ్బిలాలు అన్ని చెట్ల మీదా వాలుతయి. ఇక్కడ పనిచేసేది చెట్టు చరిత్ర. బూజు తెగులు వచ్చి 1925ల అసలు మాను తీసేసిండ్రు, అయినా చెట్టు నడుస్తనే ఉంది అంటే హౌరా. 1989 గాలివానకు అసలు మాను పడిపోయింది అంటే అడయారు. ఒక భార్య సహగమనం చేసిన జాగల పందిరి గుంజ మొలిచి చెట్టయిందని కథ చెప్తరు అంటే తిమ్మమ్మ. మనిషికి ఎక్కించినట్టు చెట్టుకు సెలైన్ ఎక్కించిండ్రు అంటే మాత్రం అది మన పిల్లలమర్రే. కొమ్మ విరిగి పడి, చెదలు లోపల్లోపల తొలిచేసిందని తేలినంక, 2018ల క్లోర్‌పైరిఫాస్ మందును నీళ్లల్ల కలిపి సీసాలల్ల పోసి కొమ్మలకు వేలాడదీసి చుక్క చుక్కగ ఎక్కించిండ్రు. ఆ ఫొటోలు అప్పుడు దేశమంతా తిరిగినయి. వందల సీసాలు ఊడల నడుమ వేలాడుతున్న ఆ బొమ్మ ఒకసారి చూసినోళ్లు మర్చిపోరు, అందుకే చెట్టు ఎంత పెద్దదో చెప్పే క్లూ కన్నా అది ఎట్ల బతికి బట్టకట్టిందో చెప్పే క్లూ పదింతలు గట్టిది.

పేరు మీద ఆధారపడితే దక్షిణ తెలంగాణల ఇంకా పెద్ద తికమక. ఇదే పిల్లలమర్రి పేరుతోని సూర్యాపేట పక్కన ఇంకో ఊరుంది, అక్కడ చూడాల్సింది మర్రిచెట్టు కాదు, కాకతీయుల కాలంల రేచర్ల రెడ్డి సామంతులు కట్టించిన ఎరకేశ్వర, నామేశ్వర ఆలయాలు, నున్నగ చెక్కిన నల్లరాతి స్తంభాలు. పానగల్లు అంటే నల్లగొండోళ్లకు ఛాయా సోమేశ్వరం, గర్భగుడిల లింగం వెనక గోడ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాక ఒక స్తంభం నీడ కదలకుండ నిలబడే గుడి. అదే పానగల్ అంటే వనపర్తి వైపోళ్లకు గుట్టల మీది కోట, బహమనీలు, విజయనగరపోళ్లు కొట్లాడుకున్న జాగ. సోమశిల అంటే కొల్లాపూర్ వాళ్లకు కృష్ణ బ్యాక్‌వాటర్ ఒడ్డున లలితా సోమేశ్వరుడు, నెల్లూరు వాళ్లకు పెన్నా మీది డ్యామ్. నీలగిరి అన్న మాటైతే మరీ, ఊటీ కొండలు ఒకటి, జామాయిల్‌ను మనం పిలిచే నీలగిరి చెట్టు ఒకటి, నల్లగొండకు పాత పేరు ఇంకొకటి. ఈడ జంతువు మళ్ల పనికొస్తది. గడ్డి కొండల మీద, నిలువు బండల అంచున మేసే వరయాడు, అదే నీలగిరి తార్, ఉందంటే ఇగ అది పశ్చిమ కనుమల దిక్కే, నల్లగొండ గుట్టలల్ల దాని జాడ ఎన్నడూ లేదు.

జంతువు పేరుతోని ఇంకో చిక్కు మన భాషలనే ఉంది. తెలుగుల ఒక్క మాటతోని మూడు నాలుగు జంతువులను పిలిచేస్తం. మొసలి అన్నమంటే అది ఏ మొసలి? కృష్ణలనూ, మంజీరలనూ ఉండేది మగ్గర్ మొసలి, వెడల్పు మూతి, మంచినీళ్లు, దేశంల చానా నదులల్ల దొరుకుతది కాబట్టి క్లూగ బలహీనం. నాగార్జునసాగర్ అవతల ఎత్తిపోతల కాడ పెంచే కేంద్రంల ఉన్నవి గూడ ఇవే. సన్నగ పొడుగు మూతి, మగదానికి మూతి కొసకు చిన్న కుండ లెక్క బొడిపె ఉంటే అది ఘరియాల్, అప్పుడు ఎక్కువ శాతం చంబల్ నది దిక్కు పోవాలె, గ్వాలియర్, ధోల్‌పూర్, ఆగ్రా చుట్టుపక్కల. ఉప్పునీళ్లల్ల, మడ అడవులల్ల తిరిగే భారీ మొసలి అంటే భితర్‌కనిక, సుందర్‌బన్స్ లేదంటే అండమాన్. అంటే "మొసలి, కోట" అని రెండు క్లూలు వస్తే సగం మందికి కృష్ణ ఒడ్డు కోటలు తలపుకొస్తయి, మూతి పొడుగుదా వెడల్పుదా అని ఒక్క ప్రశ్న అడిగినోళ్లు గ్వాలియర్ కోటకు చేరుకుంటరు.

జింక సంగతీ అంతే. చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు, అది నల్లమలల ఉంటది, దేశంల వేరే చానా అడవులల్ల గూడ ఉంటది. కృష్ణ జింక అడవి జంతువే గాని దట్టమైన అడవి దానికి పడదు, బయలు కావాలె, గడ్డి కావాలె, దూరం దాక చూపు ఆనాలె, ఎందుకంటే దాని రక్షణ అంతా పరుగుల ఉంది. కాబట్టి కృష్ణ జింక అని క్లూ వస్తే కొండలను, కీకారణ్యాలను వెంటనే పక్కన పెట్టెయ్యొచ్చు. తేలే గడ్డి మీద నడిచే, నాట్యమాడినట్టుండే సంగాయి జింక అంటే ఒక్కటే జాగ, మణిపూర్ లోక్‌తక్ చెరువుల కెయిబుల్ లామ్‌జావో, అసలు రెండో క్లూనే అక్కర్లేదు. హంగుల్ అంటే కశ్మీర్ల దాచిగాం. ఇట్లాంటి ఒక్క జాగకు కట్టుబడ్డ జంతువులను మొదటి క్లూగ ఇస్తే ఆట చెడిపోతది, చివరికి దాచుకోవాలె.

చిరుత, చీతా గందరగోళం అయితే మామూలుది కాదు. మహబూబ్‌నగర్, నారాయణపేట గుట్టలల్ల కనపడ్డదని తరచూ వార్తలొచ్చేది చిరుత, ఒంటి మీద పువ్వుల లెక్క మచ్చలుంటయి, చెట్లెక్కుతది. చీతా వేరు, మచ్చలు నిండు చుక్కలు, కండ్ల నుంచి నోటి దాక నల్లటి కన్నీటి గీత. మొన్న మొన్నటి దాక చీతా అంటే ఆఫ్రికా అని కండ్లు మూసుకొని చెప్పేటోళ్లు. 2022 సెప్టెంబర్ 17న నమీబియా నుంచి ఎనిమిదింటిని తెచ్చి మధ్యప్రదేశ్‌ కూనోల వదిలిండ్రు, 2023 ఫిబ్రవరిల దక్షిణాఫ్రికా నుంచి ఇంకో 12 వచ్చినయి, దాంతోని ఆ క్లూ పాతదైపోయింది. క్లూలకు గూడ కాలం తీరుతదన్న సంగతి క్విజ్‌లు తయారుచేసేటోళ్లు పట్టించుకుంటలేరు. అలంపురం మహబూబ్‌నగర్ జిల్లాల ఉందని రాసిన క్విజ్ బుక్కులు ఇంకా పిల్లల చేతుల్ల ఉన్నయి, 2016 అక్టోబర్ నుంచి అది జోగులాంబ గద్వాల జిల్లా. కొల్లాపూర్, సోమశిల నాగర్‌కర్నూల్‌కు పోయినయి, నారాయణపేట 2019ల విడిగ జిల్లా అయింది. ఫ్లెమింగోలు వచ్చే సూళ్లూరుపేట నెల్లూరు జిల్లా అని చెప్తే 2022 నుంచి అది తప్పు, తిరుపతి జిల్లా. పాలపిట్ట రాష్ట్ర పక్షి అంటే తెలంగాణ అని మనం గర్వంగ చెప్తం, నిజమే, గాని కర్ణాటకకూ ఒడిశాకూ అదే రాష్ట్ర పక్షి, ఆంధ్రప్రదేశ్ అయితే 2018ల రామచిలుకకు మారింది. పిల్లగాడు ఒడిశా అని జవాబు చెప్తే తప్పని కొట్టేసే టీచర్లున్నరు, అది ఆ పిల్లగానికి జరిగే అన్యాయం.

రాతి మీది జంతువును నమ్మి మోసపోయేది ఇంకొకటి. గుడి స్తంభాల మీద ఏనుగులు, సింహాలు, మకరాలు చెక్కి ఉంటయి, ఆ చుట్టుపక్కల అవి బతికినయని దానర్థం కాదు. దక్షిణ తెలంగాణల నరసింహస్వామి క్షేత్రాలు ఎన్నో, యాదగిరిగుట్ట నుంచి మట్టపల్లి దాక, గాని అడవి సింహం దేశంల గుజరాత్‌ గిర్ ప్రాంతంలనే మిగిలింది. దీనికి అందరికన్నా గట్టి ఉదాహరణ శ్రీలంక సిగిరియా. నిలువు బండ, దాని మెట్ల కాడ రెండు పెద్ద సింహం పంజాలు, పేరుల గూడ సింహమే. ఆ క్లూ విన్నోళ్లు సింహాలున్న దేశం వెతుక్కుంట పోతే ఎన్నటికీ తేలదు, ఎందుకంటే శ్రీలంక అడవులల్ల సింహం లేదు, పులి గూడ లేదు, అక్కడ అడవికి పెద్ద చిరుతపులే. "సింహం పంజాల బండ ఉంది, అడవిల పులి లేదు సింహం లేదు, చిరుత ఒక్కటే రాజ్యమేలుతది" అని క్లూ ఇస్తే ఎంత బాగుంటదో చూడండి. లేనిది చెప్పుడు ఉన్నది చెప్పినదానికన్నా ఎక్కువ పని చేస్తది. ఉత్తర ధ్రువంల పెంగ్విన్ లేదు, దక్షిణ ధ్రువంల తెల్ల ఎలుగుబంటి లేదు, రెండిటినీ ఒకే బొమ్మల గీసే పుస్తకాలు చూసి పెరిగినోళ్లకు ఇది ఒకసారి ఆగి ఆలోచించాల్సిన సంగతే. పెంగ్విన్ అనంగనే మంచు అనుకునుడు గూడ తొందరపాటే, నెత్తి మీద బల్లపరుపు కొండ, కింద ఎండ కాసే ఇసుక, ఆ ఇసుక మీద పెంగ్విన్లు అంటే దక్షిణాఫ్రికాల కేప్‌టౌన్. భూమధ్యరేఖ మీద పెంగ్విన్, సముద్రంల ఈత కొట్టే ఉడుము లాంటి బల్లి, మనిషిని మోసేటంత తాబేలు కలిస్తే గాలపగోస్ దీవులు.

ఇప్పుడు మన దిక్కు మనసు ఎట్ల పనిచేస్తదో చూపించే క్లూ ఒకటి చూద్దాం. "నదుల కూడలి, ఒడ్డున బుద్ధుడు." నల్లగొండ జిల్లాల ఎవర్ని అడిగినా నోట్లకు నాగార్జునసాగరే వస్తది. రావాల్సిందే మరి, అది అంత దగ్గరి సంగతి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యామ్, నీళ్లల్ల మునిగిపోయే ముందు ఇక్ష్వాకుల విజయపురిని తవ్వి తీసి, దొరికిన శిల్పాలను నాగార్జునకొండ మీదికి, అంటే ఇప్పుడు దీవి అయిన కొండ శిఖరం మీదికి చేర్చిన కథ, నందికొండల 274 ఎకరాల బుద్ధవనం, ఇవన్నీ ఇంటి పక్క సంగతులు. నదుల కూడలి అన్నదానికి గూడ జవాబు రెడీగ ఉంటది, కృష్ణల మూసీ కలిసే వాడపల్లి అదే జిల్లాల ఉంది గదా. అట్ల రెండు దగ్గరి సంగతులు కలిసి ఒక తప్పు జవాబు తయారైతది. మూడో క్లూగ "ఆ రాష్ట్రం కొండలల్ల వెదురు తిని బతికే నలుపు తెలుపు ఎలుగుబంటి" అన్నప్పుడు మొత్తం మారిపోతది, అది చైనాల సిచువాన్, మూడు నదులు కలిసేకాడ కొండనే చెక్కి తీసిన లెషాన్ బుద్ధుడు, కూసున్న విగ్రహమే 71 మీటర్లు, 713ల మొదలుపెడితే 803ల పూర్తయింది, తొంభై ఏండ్ల పని. మన ఊరు గుర్తుకొచ్చుడు తప్పు కాదు, ప్రేమ ఉన్నకాడ ముందు అదే వస్తది. జంతువు క్లూ వచ్చినంక గూడ దాన్నే పట్టుకొని కూసుంటేనే ఓడిపోతం.

ఇసుక దిబ్బలు, ఒంటె, 32 మీటర్ల బుద్ధుడు అని వస్తే? ఇసుక, ఒంటె వినంగనే రాజస్థాన్ అంటరు, బుద్ధుడు కుదరదు. ఒంటెకు రెండు మూపురాలు అని చెప్పంగనే లడాఖ్‌ నుబ్రా లోయ, దిస్కిత్ మఠం. ఒక్క మూపురం తేడా వెయ్యి అడుగులు గూడ లేని ఎడారిని పదివేల అడుగుల ఎత్తుకు ఎక్కిస్తది.

నీళ్లల్ల మునిగి తేలే గుడి అనే క్లూ గూడ మన దిక్కోళ్లకు ఇష్టమైనదే. సోమశిల ఒడ్డున నిలబడి కృష్ణ అవతలికి చూస్తే సంగమేశ్వరం, శ్రీశైలం రిజర్వాయర్‌ నిండితే ఏడాదిల చానా నెలలు నీళ్ల అడుగున ఉంటది, ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడే బయటపడ్డ గుడి, అందుల వేప మొద్దు లింగం. అదే రిజర్వాయర్‌ కోసం కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం కాడ మళ్ల కట్టిండ్రు. అదే క్లూకు హిమాచల్ పాంగ్ డ్యామ్‌లోని బాథూ గుడులు గూడ సరిపోతయి, గుజరాత్ భావ్‌నగర్ కాడ కోలియాక్ సముద్రంల రోజూ పోటుకు మునిగి ఆటుకు తేలే నిష్కళంక్ మహాదేవ్ గూడ సరిపోతది. నెలలా రోజులా అని అడిగితే సముద్రం వేరైతది. నెత్తి మీద రెండు నల్ల చారలుండే బాతులు చలికాలంల మందలుగ దిగుతయి అంటే పాంగ్ దిక్కు మొగ్గు, గాని ఆ బాతులు దక్కన్ చెరువులకు గూడ వస్తయి కాబట్టి మంచు కొండలు కనపడుతున్నయా అని ఇంకో మాట అడిగి గాని చెప్పొద్దు. కృష్ణ జింక అంటే భావ్‌నగర్ దిక్కు మొగ్గు, అక్కడ వేలావదర్ గడ్డి బయళ్లల్ల వాటికే ఒక నేషనల్ పార్కు ఉంది. కానీ కృష్ణ జింక కృష్ణా నది ఒడ్డున గూడ ఉంది, ఆ సంగతి చివరికి.

చెట్లను క్లూగ ఇచ్చేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలె, మనిషి చెట్టును ఎక్కడికైనా మోసుకపోతడు. జామాయిల్ చెట్టు ఆస్ట్రేలియాది, ఇప్పుడు మన రోడ్ల పొంటి, గుట్టల పొంటి తోటలు తోటలే ఉన్నయి. పెద్ద డ్రమ్ము లెక్క బొజ్జ ఉన్న బావోబాబ్ చెట్టు అంటే మడగాస్కర్, ఆఫ్రికా, ఆస్ట్రేలియా అని పుస్తకాలు చెప్తయి, హైదరాబాద్ గోల్కొండ నయాఖిల్లాల ఒకటి నాలుగు వందల ఏండ్ల పై నుంచి నిలబడి ఉంది, దాన్ని జనం హతియాన్ కా ఝాడ్ అంటరు. "కోట, బావోబాబ్" అంటే గోల్కొండ గూడ కావచ్చు, మధ్యప్రదేశ్ మాండూ కోట గూడ కావచ్చు, అదే "లెమూర్, బావోబాబ్" అయితే మడగాస్కరే అనొచ్చు, లెమూర్ సొంత నేల అదే.

క్లూలు తయారుచేసేటోళ్లకు ఒక చిన్న లెక్క. ముందు అందరికీ సరిపోయేది, తర్వాత సగం మందిని కొట్టేసేది, చివరికి ఒక్కరికే సరిపోయేది. టైం క్లూ ఉంటే ఇంకా రుచి. సలేశ్వరం లింగమయ్య జాతరకు చైత్ర పౌర్ణమి ముందువెనక కొన్ని దినాలే అడవి తొవ్వ తెరుస్తరు, నల్లమల లోయలకు దిగి, బండల నడుమ గుండం కాడికి నడవాలె, చెంచులే పూజార్లు. ఇది ఎండాకాలం మొదట్ల ఇచ్చే క్లూ, పేరు చెప్పకున్నా పాలమూరోళ్లు కాళ్ల నొప్పితోని గుర్తుపడతరు.

చివరికి, పైన ఆపిన కృష్ణ జింక. "మనిషికి రెండింతలు ఎత్తున్న నిలువురాళ్లు, బట్టమేక పిట్ట" అని రెండు క్లూలు తీసుకోండి, బట్టమేక అంటే గడ్డి బయళ్లల్ల తిరిగే పెద్ద పిట్ట, ఇంగ్లీషుల బస్టర్డ్. నారాయణపేట జిల్లావాళ్లు ముడుమాల అంటరు. కృష్ణ ఒడ్డున, వేల ఏండ్ల కింద నిలబెట్టిన రాళ్లు, ఊరోళ్లు నిలురాళ్ల తిమ్మప్ప అని మొక్కుతరు, ఒక రాతి మీద సప్తర్షి మండలం లెక్క గుంతలు చెక్కి ఉన్నయి, 2025ల యునెస్కో తాత్కాలిక జాబితాలకు ఎక్కింది. బట్టమేక పిట్ట గూడ కృష్ణ అవతల నంద్యాల దిక్కు రోళ్లపాడుల ఉండేది గదా, సరిపోయిందనుకుంటరు. గాని రోళ్లపాడుల ఇప్పుడు ఆ పిట్ట దాదాపు కనపడుత లేదు, అంతకన్నా ముఖ్యం, ఇంగ్లండ్‌ల సాలిస్‌బరీ మైదానం మీద స్టోన్‌హెంజ్ రాళ్లున్నయి, ఆ మైదానంల 2004 నుంచి బట్టమేక కుటుంబంలదే ఇంకో పెద్ద పిట్టను తెచ్చి మళ్ల పెంచుతున్నరు. రెండు క్లూలకు రెండు దేశాలు సరిగ్గ సరిపోయినయి.

దీన్ని విడదీసేది మూడో క్లూ, కృష్ణ జింక. ముడుమాల ఉన్న కృష్ణ మండలం, పక్కన మాగనూరు, మక్తల్ నల్లరేగడి బయళ్లు, అక్కడ కృష్ణ జింకలు వందల్ల తిరుగుతయి. టూరిస్టుకు అది ఫొటో, రైతుకు అది రాత్రంతా కావలి. వానాకాలం విత్తనం మొలిచిన వారానికి మంద వచ్చి మొలక కొసలు కొరికి పోతది, రైతు మళ్ల విత్తనం కొనుక్కొచ్చి అచ్చు తోలాలె. జింకను కొట్టొద్దు, అది వన్యప్రాణి రక్షణ చట్టంల షెడ్యూల్ ఒకటి జంతువు, కేసైతది. అందుకని ఆ ఊర్లల్ల చేన్ల చుట్టూ పాత చీరలు కట్టి ఉంటయి, రంగు రంగులవి, గాలికి ఊగుకుంట. నిలువురాళ్లు, కృష్ణ జింక, చేను చుట్టూ చీరలు. ఇంగ్లండ్ దిక్కు చూడాల్సిన పనే లేదు.